వార్డు బీరువాలో దాచిన సరుకు: ఒక జిల్లా ఆసుపత్రి కేస్ స్టడీ

మా ఆసుపత్రిలో ఒకే వస్తువుకు కొరతా, మిగులూ ఒకే రోజున కనిపించేవి. పిల్లల వార్డులో 24 గేజ్ క్యాన్యులాలు (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టాలు), అందరం ‘పసుపుది’ అని పిలిచే ఆ చిన్న సైజు, రాత్రి పూట అయిపోయేవి. అప్పుడు బిడ్డ తండ్రి చేతికి బయటి మెడికల్ షాపు చీటీ వెళ్లేది. అదే అంతస్తులో ఎముకల వార్డు బీరువాలో అవే క్యాన్యులాలు విప్పని పెట్టెల్లో ఉండేవి. కాళ్లూ చేతులూ విరిగి వచ్చే పెద్దవాళ్ల వార్డులో పసిపిల్లల సూదితో పనేముంది? ఎప్పుడో స్టోరులో 20 గేజ్ గులాబీవి లేనప్పుడు ‘ఇవి ఉన్నాయి, తీసుకెళ్లండి’ అన్నారు. వాళ్లు తీసుకెళ్లి లోపల పెట్టారు. తిరిగి ఇవ్వడానికి పద్ధతంటూ ఏదీ లేదు.

జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో నేను స్టోర్స్ ఫార్మసిస్టును. వార్డుల్లో మందులు, వాడి పారేసే సామగ్రి ఎంత ఉండాలి, ఎవరు నింపాలి అన్న పద్ధతిని మేం మొదటి నుంచి చివరిదాకా మార్చాం. ఆ పని ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను. చదివేవాళ్లలో నర్సింగ్ సూపరింటెండెంట్లు, ఆర్‌ఎంఓలు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్లు), నాలాంటి ఫార్మసిస్టులు ఉంటే వాళ్లకు పనికొస్తుంది. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. వార్డులు సరుకు దాచుకునేది స్టోరు మీద నమ్మకం లేక. ఆ నమ్మకం కుదరకుండా ఎంత మంచి లెక్క కట్టినా అది రిజిస్టర్‌లోనే ఉండిపోతుంది.

సరుకు దారి

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు చాలావరకు రాష్ట్ర స్థాయిలో కొని, సెంట్రల్ డ్రగ్ స్టోర్ల ద్వారా పంపుతారు. ఆసుపత్రి ఇండెంట్ (కావలసిన సరుకు కోరే పత్రం) పెడుతుంది, కేటాయింపును బట్టి సరుకు మా మెయిన్ స్టోరుకు చేరుతుంది. అక్కడి నుంచి వార్డు సిస్టర్ రాసిన ఇండెంట్ బుక్ ప్రకారం వార్డుకు వెళుతుంది. మెయిన్ స్టోరు దాకా ప్రతి కదలికా ఈ-ఔషధిలో కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారు చేసిన ఈ సాఫ్ట్‌వేరు మంచిదే. ఏ బ్యాచ్ ఎక్కడుందో, గడువు ఎప్పుడో చూపిస్తుంది. మా వాడకంలో మాత్రం స్టోరు నుంచి వార్డుకు ఇచ్చిన క్షణంలోనే ఆ సరుకు ఖర్చయినట్టు పడిపోయేది. వార్డు బీరువాలో ఆరు నెలలుగా కదలని గ్లౌజుల పెట్టె కూడా లెక్కల్లో ‘వాడేశాం’ అనే ఉండేది. తర్వాతి ఇండెంట్‌కు ఆ వాడకమే ఆధారం. అంటే దాచుకున్నది కూడా అవసరంగా లెక్కకెక్కి, అంతకంత మళ్లీ తెప్పించేవాళ్లం.

వార్డుల ఇండెంట్ పదిహేను రోజులకు ఒకసారి. మధ్యలో ఏదైనా అయిపోతే ‘అర్జెంట్ స్లిప్పు’ రాసి ఆయాతోనో వార్డ్ బాయ్‌తోనో పంపాలి. స్టోరు సాయంత్రానికి మూసేస్తారు. రాత్రులు, ఆదివారాలు, పండగలు వార్డుకు తన దగ్గరున్నదే దిక్కు.

బీరువాలు తెరిస్తే

మొదట చేసిన పని తనిఖీ. సూపరింటెండెంట్ గారి అనుమతితో, హెడ్ సిస్టర్ సమక్షంలో ఒక్కో వార్డు బీరువా, డ్రెస్సింగ్ గది అల్మారా, నర్సింగ్ స్టేషన్ సొరుగులు, ఫ్రిజ్ అన్నీ తీసి చూశాం. తప్పు పట్టడానికి రాలేదని, దొరికిన సరుకుకు ఎవరినీ సంజాయిషీ అడగబోమని ముందే రాతపూర్వకంగా ఇచ్చాం. ఆ కాగితం లేకపోతే సగం బీరువాల తాళాలు దొరికేవి కావు.

అప్పుడు చూసినవాటిలో ఒకటి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పడమటి కిటికీ పక్కన పెట్టిన ఒక స్టీలు బీరువా, వేసవి ఎండ నేరుగా పడే చోటు. కింది అరలో రబ్బరు సర్జికల్ గ్లౌజులు, సైజు ఆరున్నర. ఒక జత విప్పి వేలు దూర్చబోతే లోపలి పొర ఒకదానికొకటి అతుక్కుని, లాగితే చిరిగింది. గడువు తేదీ ఇంకా మిగిలే ఉంది. తేదీ చూసి ‘బాగానే ఉన్నాయి’ అనుకుంటాం కానీ లేటెక్స్ వేడికి, వెలుతురుకు తేదీ కంటే ముందే పాడవుతుంది. వేసవిలో బయట 43, 44 డిగ్రీలుండే ఊళ్లో, ఫ్యాను కూడా లేని గదిలో, స్టీలు పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా? లేబుల్ మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉన్న ఇంజెక్షన్లు కూడా అదే బీరువా పై అరలో ఉన్నాయి.

ఫ్రిజ్‌ల సంగతి మరొకటి. తెరిచిన ఇన్సులిన్ వయల్స్ కొన్నింటి మీద ఎప్పుడు తెరిచారో తేదీ లేదు. సాధారణంగా తెరిచిన వయల్ 28 రోజుల్లో వాడెయ్యాలి. తేదీ రాయని వయల్‌ను ఎవరూ నమ్మలేరు, పారేయనూ లేరు. అందుకని కొత్తది తెరుస్తారు, పాతది అలాగే ఉంటుంది. కొన్ని చోట్ల సెలైన్ పెట్టెలు మంచాల కింద ఉన్నాయి. ముందు వచ్చినవి గోడ వైపు, తర్వాత వచ్చినవి చేతికందే వైపు. కాబట్టి గడువు దగ్గరపడేవి ఎప్పటికీ వెనకే.

కాలం తీరినవి మొదట పక్కకు తీశాం. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గడువు తీరిన మందులు పసుపు సంచి కోవలోకి వస్తాయి, మామూలు చెత్తలో వేయకూడదు. తయారీదారుకు తిప్పి పంపాలి, లేదా దహనానికి ఇవ్వాలి. ఆ పని పూర్తయ్యాక మిగిలిన మంచి సరుకును గుట్టలుగా పోసి చూస్తే, స్టోరులో ‘నిల్ స్టాక్’ అని ఎర్ర సిరాతో రాసుకున్న వస్తువుల్లో కొన్ని మా కప్పు కిందే ఉన్నాయని తేలింది.

ఎవరి భయం వాళ్లది

ఇది చూసిన ఎవరికైనా వార్డు సిస్టర్ల మీద కోపం రావడం సహజం. నాకు మాత్రం వాళ్ల లెక్క అర్థమైంది. మెడికల్ వార్డు హెడ్ సిస్టర్ ఒకావిడ దాపరికం లేకుండా చెప్పారు: “పది అడిగితే ఐదిస్తారు సార్. అందుకే ఇరవై రాస్తాం. రాత్రి రెండింటికి పేషెంట్ ముందు నిలబడేది నేను, మీ స్టోరు కాదు.”

ఆ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. స్టోరు వైపు నుంచి చూస్తే ఇరవై రాసినప్పుడు అంత అవసరం ఉండదని తెలుసు కాబట్టి పదికి కోత పెడతారు. వార్డు వైపు నుంచి చూస్తే కోత తప్పదు కాబట్టి నలభై రాస్తారు. ఈ పోటీలో నిజమైన అవసరం ఎంతో ఇద్దరికీ తెలియకుండా పోయింది. నిజాయతీగా కావలసినంతే రాసిన సిస్టర్‌కు అందులోనూ సగమే వచ్చేది. ఆవిడ వార్డే తరచూ పక్క వార్డును అప్పు అడిగేది. పద్ధతే నిజం చెప్పినవాళ్లను శిక్షిస్తుంటే ఎవరు మాత్రం నిజం రాస్తారు?

దానికి తోడు బదిలీ భయం. చార్జి అప్పగించేటప్పుడు రిజిస్టర్‌లో ఉన్నది అరలో లేకపోతే సిస్టర్ జవాబు చెప్పాలి. ఎక్కువుంటే ఎవరూ ఏమీ అనరు. అందువల్ల రిజిస్టర్‌కెక్కని సరుకు కాస్త చేతిలో ఉంచుకోవడం రక్షణ. పైగా 2021లో కోవిడ్ రెండో అల చూసినవాళ్లు వీళ్లు. ఎన్-95 మాస్కు కోసం వెతుక్కున్న రోజులు ఎవరూ మరచిపోలేదు. ఒకసారి అంతటి కొరతను దాటినవాళ్లను ‘దాచుకోవద్దు’ అని సర్క్యులర్‌తో మార్చగలమనుకోవడం సరికాదు.

ముందు మాట, తర్వాత లెక్క

సాధారణంగా ఇలాంటి పనుల్లో ముందు ప్రతి వార్డుకు గరిష్ఠ నిల్వ నిర్ణయించి, అంతకు మించి ఉంచుకోరాదని ఆదేశం ఇస్తారు. మేం దాన్ని తలకిందులు చేశాం. ముందు స్టోరు ఒక మాట ఇచ్చింది. ఒక చిన్న జాబితా తయారు చేశాం: సెలైన్, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ద్రావణం), ఐవీ సెట్లు, సిరంజీలు, గ్లౌజులు, దూది, గాజ్ గుడ్డ, ప్లాస్టర్, మరికొన్ని. వీటిని వార్డు అడగక్కర్లేదు. స్టోరు మనిషే ట్రాలీతో వచ్చి, చూసి, నిర్ణయించిన మట్టానికి నింపి వెళతాడు. కోత ఉండదు. స్టోరులో ఏదైనా నిజంగా తక్కువుంటే ఆ విషయం ఆ ఉదయమే అన్ని వార్డులకూ ఒకే కాగితం మీద తెలుస్తుంది.

తమిళనాడు వైద్య సేవల సంస్థ 1995లో పని మొదలుపెట్టినప్పుడు అమలు చేసిన పాస్‌బుక్ పద్ధతి మాకు ఇక్కడ గుర్తొచ్చింది. ప్రతి ఆసుపత్రికీ తనకు ఎంత విలువ మేరకు మందులు వస్తాయో పుస్తకంలోనే ఉంటుంది, ఆ పరిధిలో కావలసినవి తీసుకుంటుంది. రాష్ట్రానికీ ఆసుపత్రికీ మధ్య ఆ పుస్తకం ఇచ్చిన భరోసాను, స్టోరుకూ వార్డుకూ మధ్య మేం ట్రాలీతో ఇవ్వాలనుకున్నాం.

మొదట రెండే వార్డుల్లో మొదలుపెట్టాం. ఒకటి ఆ హెడ్ సిస్టర్ గారి మెడికల్ వార్డు, రెండోది సర్జికల్ వార్డు. బీరువాల్లో ఉన్న అదనపు సరుకును మొదటి రోజే వెనక్కి తీసుకోలేదు. ‘మీ దగ్గరే ఉంచుకోండి, ట్రాలీ సరిగా వస్తోందో లేదో చూడండి’ అన్నాం. కొన్ని వారాలు ట్రాలీ చెప్పిన రోజున చెప్పిన వేళకు వచ్చాక, బీరువా తాళం చెవి తెచ్చి ఇచ్చింది వాళ్లే. ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఏదంటే ఇదేనంటాను. మొదటి రోజే సరుకు లాక్కుని ఉంటే, ఆ సాయంత్రానికే అది ఇంకో చోట దాక్కునేది.

లెక్క ఎలా కట్టాం

పాత ఇండెంట్లు ఎందుకూ పనికిరావని తేలిపోయింది. కాబట్టి వాడకాన్ని కొత్తగా కొలవాల్సి వచ్చింది. ఉదయం ఉన్నది, మధ్యలో వచ్చింది, మర్నాటి ఉదయం మిగిలింది. ఈ మూడింటి నుంచే రోజు వాడకం వస్తుంది. దీనికి కొత్త ఫారం పెట్టి నర్సులకు అప్పగించకూడదని ముందే అనుకున్నాం. ఒక్కో నర్సు అప్పటికే రాస్తున్న రిజిస్టర్లు తక్కువేమీ కాదు. కొలత అంతా స్టోరు మనుషులే చేశారు.

కొన్ని వారాల లెక్క చేతికొచ్చాక ఒక విషయం స్పష్టమైంది. అన్ని వస్తువులనూ ‘రోజుకు ఇన్ని’ అని కొలవకూడదు. క్యాన్యులాల వాడకం కొత్త అడ్మిషన్లను బట్టి నడుస్తుంది. సెలైన్, ఐవీ సెట్లు మంచం మీదున్న పేషెంట్ల సంఖ్యను బట్టి. డ్రెస్సింగ్ సామగ్రి ఆపరేషన్ల రోజులను బట్టి. ప్రసూతి వార్డులో గ్లౌజులు, కాన్పులో ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, బొడ్డు క్లాంపులు కాన్పుల సంఖ్యను బట్టి. వార్డుకు అమర్చిన మంచాలు ముప్పై అని రికార్డులో ఉన్నా వానాకాలంలో ఒక్కో మంచానికి ఇద్దరుంటారు. మంచాల సంఖ్యతో నిల్వ కడితే ఆ కాలంలో ఖచ్చితంగా దెబ్బతింటాం.

ఇక నిల్వ మట్టం. ఉదాహరణకు ఒక వార్డులో ఐవీ సెట్లు రోజుకు సగటున 20, బాగా రద్దీ ఉన్న రోజున 30 పోతాయనుకుందాం. ట్రాలీ సోమవారం, గురువారం వస్తుంది. గురువారం నింపాక మళ్లీ సోమవారం దాకా నాలుగు రోజులు. ఆ నాలుగూ రద్దీ రోజులే అయినా 120 సెట్లు చాలు. పాత పద్ధతిలో అదే వార్డుకు పదిహేను రోజులకు సగటు వాడకం లెక్కనే 300 కావాలి, రద్దీకి పట్టు ఉండాలంటే 450. అంటే వార్డులో పేరుకునే సరుకు తగ్గడానికి ఎవరికీ పొదుపు పాఠాలు చెప్పక్కర్లేదు. స్టోరు ఎక్కువసార్లు వస్తే చాలు. ఎన్ని రోజులకోసారి నింపుతామన్నదే వార్డు నిల్వను నిర్ణయిస్తుంది. ఈ లెక్కను వార్డుల ముందు బోర్డు మీద వేసి చూపించినప్పుడు సిస్టర్లు వెంటనే పట్టుకున్నారు. అనుమానపడింది మా స్టోరు వైపే, ‘వారానికి రెండుసార్లు తిరగాలంటే మనుషులేరీ’ అని. నిజానికి రోజంతా వచ్చే అర్జెంట్ స్లిప్పులకు లేచి లేచి ఇస్తూ పోయే సమయం అంతకంటే ఎక్కువే. ట్రాలీ కుదురుకున్నాక ఆ స్లిప్పులు సన్నగిల్లాయి, తిరగడానికి మనిషి దొరికాడు.

చిన్న వస్తువులకు ఈ పద్ధతి పెట్టలేదు. ఫోలీ క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం), రైల్స్ ట్యూబ్ (ముక్కు గుండా పొట్టలోకి వేసే గొట్టం), సక్షన్ క్యాథెటర్ (కఫం లాగే గొట్టం), క్యాన్యులాలు, స్కాల్ప్ వెయిన్ సెట్లు లాంటివి. వీటిని ఒక్కొక్కటి లెక్కపెట్టడానికే పొద్దు పోతుంది. వీటికి రెండు డబ్బాల పద్ధతి. ఒకే వస్తువు రెండు డబ్బాల్లో, ముందొకటి, వెనకొకటి. ముందుది ఖాళీ అయితే దాన్ని గుమ్మం దగ్గరి బుట్టలో వేసి, వెనకది ముందుకు లాగి వాడతారు. మన ఇళ్లలో రెండు గ్యాస్ సిలిండర్లున్నవాళ్లు చేసేది ఇదే: ఒకటి అయిపోగానే బుక్ చేస్తారు, వంట ఆగదు. స్టోరు మనిషి ఆదివారం తప్ప రోజూ ఉదయం ఖాళీ డబ్బాలు ఏరుకుని సాయంత్రానికి నింపి పెడతాడు. శనివారం ఉదయం అతను వెళ్లాక ఖాళీ అయిన డబ్బా సోమవారం సాయంత్రానికి గానీ తిరిగి రాదు కనుక, ఒక్కో డబ్బాలో మూడు రద్దీ రోజులకు సరిపడా ఉండాలి. దసరా, సంక్రాంతి లాంటి వరుస సెలవులకు ముందురోజు అదనపు రౌండు తప్పనిసరి.

డబ్బా మీద వస్తువు పేరు, సైజు, ఎన్ని ఉండాలి అన్నది పెద్ద అక్షరాలతో తెలుగులోనూ రాయించాం. క్యాన్యులా డబ్బాలకు దాని రంగే పూశాం: 18 గేజ్‌కు ఆకుపచ్చ, 20కి గులాబీ, 22కు నీలం, 24కు పసుపు. రాత్రి డ్యూటీలో డబ్బాను బుట్టలో వేసేది చాలాసార్లు ఆయమ్మే. ఆమె చదవకపోయినా రంగు చూసి చేస్తుంది.

ఒక చిన్న ఏర్పాటు చాలా పని చేసింది. నింపేటప్పుడు కొత్తవి డబ్బాలో పైన పోయరు. డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యాకే నింపుతారు కనుక పాతవి అడుగున మిగలవు. గడువు ముందు తీరేది ముందు వాడాలన్న నియమాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండానే సగం అమలైపోయింది. సెలైన్ పెట్టెలకు మాత్రం ట్రాలీ మనిషి పాతవి ముందుకు జరపాల్సిందే. గడువు మూడు నెలల్లోపు ఉన్న పెట్టెలకు ఎర్ర స్టిక్కర్ వేసి, నెమ్మదిగా వాడే వార్డు నుంచి క్యాజువాలిటీకి మార్చేస్తాం. అక్కడైతే త్వరగా అయిపోతాయి.

సగటుతో తేలనివి

ఈ లెక్కలన్నీ రోజూ వాడే వస్తువులకు. ఎప్పుడో ఒకసారి కావలసినవి, కానీ కావలసినప్పుడు లేకపోతే ప్రాణం పోయేవి వేరే జాతి. వాటి దగ్గర సగటు అన్న మాటే తేకూడదు.

పాము కాటు విరుగుడు తీసుకోండి. నెల సగటు చూస్తే చాలా తక్కువ కనిపించవచ్చు. కానీ జూన్‌లో నాట్లు మొదలయ్యాక ఒకే రాత్రి ఇద్దరు రైతులు రావచ్చు. విషం ఎక్కిన లక్షణాలుంటే 10 వయల్స్‌తో మొదలుపెడతారు. రక్తపింజరి కాటులో 6 గంటల తర్వాత 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష మళ్లీ చేసి, గడ్డకట్టకపోతే ఇంకో 10 దాకా ఇస్తారు. ఇద్దరికి ఇరవై చొప్పున 40. క్యాజువాలిటీలో వానాకాలానికి మేం పెట్టుకున్న కనీస మట్టం ఆ 40. నెల వాడకంతో దానికి సంబంధం లేదు. 40కి ఒక్కటి తగ్గినా ఆ పూటే నింపాలి.

ప్రసూతిలో కాన్పు తర్వాత అధిక రక్తస్రావానికి విడిగా ఒక పెట్టె ఉంది. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, పెద్ద సైజు క్యాన్యులాలు, సెలైన్, క్యాథెటర్ అన్నీ ఒక్కచోటే. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి అది పక్క ఫ్రిజ్‌లో. పెట్టెకు నంబరున్న ప్లాస్టిక్ సీలు. సీలు తెగకపోతే లోపల అన్నీ ఉన్నట్టే, ప్రతి షిఫ్టులో తెరిచి లెక్కపెట్టక్కర్లేదు. తెగితే ఫార్మసీయే నింపి కొత్త సీలు వేసి నంబరు రాస్తుంది. గడువు ముందుగా తీరే వస్తువు తేదీ పెట్టె మూత మీదే రాసి ఉంటుంది. వార్డుల్లోని క్రాష్ కార్ట్‌లకూ (ప్రాణాపాయ వేళ వాడే మందులు, సామగ్రి ఉండే బండ్లు) ఇదే.

వార్డులో ఉండాల్సినవెంత ముఖ్యమో, ఉండకూడనివీ అంతే ముఖ్యం. 15 శాతం పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల (లవణాలను కొలిచే ప్రమాణం) పొటాషియం ఉంటుంది. అది పలచన చేయకుండా నేరుగా నరంలోకి పోతే గుండె ఆగుతుంది. తనిఖీలో కొన్ని సాధారణ వార్డుల్లో ఆ ఆంపూల్స్ డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్స్ పక్కనే, ఒకే ట్రేలో కనిపించాయి. రాత్రి మసక వెలుతురులో రెండూ ఒకేలా ఉంటాయి. ఇలాంటి గాఢ ద్రావణాలను సాధారణ వార్డుల నుంచి తీసేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మేం వాటిని ఐసీయూకీ, ఫార్మసీకీ పరిమితం చేశాం. మిగతా వార్డులకు డాక్టరు రాతతో, పేషెంటు పేరుతోనే వెళతాయి. దీనికి డాక్టర్ల నుంచి కొంత అభ్యంతరం వచ్చింది, ఆలస్యమవుతుందని. ఆ కాస్త ఆలస్యం ఉండాల్సిందేనని నా అభిప్రాయం. ఆ ఆంపూల్ చేతిలోకి తీసుకునే ముందు ఇంకొకరు చూడాలి.

రాత్రి తాళం

ఎన్ని లెక్కలు కట్టినా ‘రాత్రి అయిపోతే?’ అన్న ప్రశ్నకు జవాబు లేనంత కాలం బీరువాలు ఖాళీ కావు. నైట్ సూపర్‌వైజర్ గది పక్కన ఒక అత్యవసర అల్మారా పెట్టాం. అందులో ఆసుపత్రి మొత్తానికి ఒక రాత్రికి సరిపడా అన్ని రకాలూ కొద్దికొద్దిగా ఉంటాయి. తాళం నైట్ సూపర్‌వైజర్ దగ్గర. తీసుకున్నది చిన్న పుస్తకంలో రాసి సంతకం చేయాలి, కారణం రాయనక్కర్లేదు. కారణం అడిగితే తీసుకోవడానికి మొహమాటపడతారు, మళ్లీ దాచుకోవడం మొదలవుతుంది.

ఆ పుస్తకమే మాకు అన్నిటికంటే మంచి సమాచారం ఇచ్చింది. ఏ వార్డు ఏ వస్తువు కోసం రాత్రుళ్లు పదే పదే వస్తోందో చూస్తే ఆ వార్డు మట్టం తప్పని తెలిసిపోతుంది. పిల్లల వార్డు పసుపు క్యాన్యులాల కోసం తరచూ వచ్చింది. నరం దొరకని బిడ్డకు ఒకటి కాదు, రెండు మూడు ప్రయత్నాలు పడతాయి. మా మొదటి లెక్కలో అడ్మిషన్‌కు ఒకటే వేశాం. డబ్బా పెద్దది చేశాక రావడం తగ్గింది.

అభ్యంతరాలు

ఆడిట్ వైపు నుంచి వచ్చిన ప్రశ్న న్యాయమైనదే: వార్డు సిస్టర్ ఇండెంట్ సంతకం లేకుండా స్టోరు నుంచి సరుకు ఎలా వెళుతుంది? దానికి మార్గం ఏమంటే, ట్రాలీ మనిషి నింపింది అచ్చు వేసిన జాబితాలో రాస్తాడు, డ్యూటీలో ఉన్న నర్సు అక్కడికక్కడే చూసి సంతకం పెడుతుంది. ఇండెంటూ, రసీదూ ఆ ఒక్క కాగితమే. సూపరింటెండెంట్ ఉత్తర్వుతో అది చెల్లుబాటైంది. స్టోరులో కూడా ఇచ్చినదాన్ని కాక వార్డులో నిజంగా తగ్గినదాన్ని వాడకంగా చూసుకోవడం అలవాటైంది. నింపింది ఎంతో వాడింది అంతే కదా. పైకి పెట్టే ఇండెంట్ ఇప్పుడు ఆ అంకెల మీదే కడుతున్నాం.

సర్జన్లు కొందరు తమకు అలవాటైన కుట్టుదారం సైజులన్నీ వార్డులో ఉండాలన్నారు. వాటిని వార్డు జాబితాలోంచి తీసి థియేటర్ స్టోరుకే పరిమితం చేశాం. ఐసీయూ మాత్రం ఇప్పటికీ ఈ పద్ధతిలో పూర్తిగా ఇమడలేదు. అక్కడ వాడకం పేషెంటుకూ పేషెంటుకూ మారిపోతుంది, రెండు డబ్బాలు ఒక్క పూటలో ఖాళీ కావచ్చు. అక్కడ రోజుకు రెండుసార్లు ఫార్మసిస్టు వెళ్లి చూసి నింపడం తప్ప ఇంకో దారి నాకు కనిపించలేదు.

ఇంకొకటి చెప్పాలి. నింపే మనిషి మారినప్పుడల్లా పద్ధతి కుంటుపడుతుంది. ట్రాలీ రెండు మూడు వాయిదాలు తప్పితే చాలు, బీరువాలో పెట్టెలు మళ్లీ కనిపిస్తాయి. అందుకని ట్రాలీ పని ఒక్కరి మీద ఆధారపడకుండా స్టోరులో ఇద్దరికి నేర్పాం. ఎవరు సెలవు పెట్టినా రెండోవాళ్లు వెళతారు. ట్రాలీ రౌండు వాయిదా వేసే అధికారం నాకు కూడా లేదు, ఆర్‌ఎంఓ గారికే ఉంది.

ఇప్పుడు

వార్డుల్లో విప్పని పెట్టెలు పేరుకోవడం బాగా తగ్గింది. గడువు తీరి పసుపు సంచిలోకి పోయే సరుకూ తగ్గింది. నాకు ఎక్కువ ఊరట కలిగించినది మరొకటుంది. స్టోరులో వస్తువు ఉండగా, అది వార్డులో లేదని బయటి చీటీ రాయడం దాదాపు కనిపించడం లేదు. రోజు కూలీ మానుకుని ఆసుపత్రిలో కూర్చున్న మనిషిని, మన దగ్గరే ఉన్న క్యాన్యులా కోసం మెడికల్ షాపుకు పరిగెత్తించడం కంటే ఘోరం లేదు.

పై నుంచే సరుకు రాని రోజులకు మాత్రం వార్డు పద్ధతి దగ్గర మందు లేదు. ఉన్నదాన్ని ఎలా పంచాలో అది చెప్పగలదు, అంతే. అలాంటప్పుడు ఉదయం ఎనిమిదింటికి కొరత కాగితం వార్డులన్నిటికీ వెళుతుంది. ఏది తక్కువుంది, దాని బదులు ఏది వాడొచ్చు, ఉన్నది ఏ వార్డులకు ముందు, స్థానికంగా కొనడానికి ఎప్పుడు పెట్టాం అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఐసీయూ, ప్రసూతి, పిల్లల వార్డు, క్యాజువాలిటీకి మొదటి వంతు. మిగతా వార్డుల డబ్బాలు సగం నింపుతాం, సగమని డబ్బా మీదే చీటీ అంటిస్తాం. చెప్పి తగ్గిస్తే సిస్టర్లు సర్దుకుంటున్నారు.

మట్టాలను ఏడాదికి రెండుసార్లు తిరగరాస్తాం. మే నెలలో చేసేది పెద్ద పని. వానలతో డెంగీ జ్వరాలు, వాంతులు విరేచనాలు వస్తాయి కనుక మెడికల్, పిల్లల వార్డుల్లో సెలైన్, ఆర్‌ఎల్, ఐవీ సెట్లు, 22, 24 గేజ్ క్యాన్యులాల మట్టాలు పెంచుతాం, క్యాజువాలిటీలో పాము కాటు పెట్టె మళ్లీ లెక్క చూస్తాం. డిసెంబరులో తగ్గిస్తాం. ప్రతిసారీ కొత్త అంకెలు వేసే ముందు ఆ ఆరు నెలల నైట్ పుస్తకం ముందేసుకుని హెడ్ సిస్టర్లతో కూర్చుంటాం. అంకె మీద వాళ్ల సంతకం కూడా ఉండాలని మెడికల్ వార్డు సిస్టర్ గారే అడిగారు. ఇప్పుడు ప్రతి వార్డు జాబితా అడుగున రెండు సంతకాలుంటాయి, స్టోరుది ఒకటి, వార్డుది ఒకటి.